నొప్పి ఒంటిది, దిగులు మనసుదా? మల్టిపుల్ స్క్లెరోసిస్‌పై అపోహలు – వాస్తవాలు

ధర్మపురి అనగానే మనకు గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి గుర్తొస్తాడు. ఇది ఆ ధర్మపురి కాదు. తమిళనాట సేలానికి ఉత్తరాన, బెంగళూరు దారిలో ఉన్న ధర్మపురి. 1965లో సేలం నుంచి విడివడి జిల్లా అయింది. 2004లో ఇందులోంచి కృష్ణగిరి వేరుపడింది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, హోసూరు దాటితే కన్నడం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. రాగులకు, మామిడికి, హొగెనక్కల్ జలపాతానికి పేరున్న ఈ నేలకు ఫ్లోరైడ్ నీళ్ల చెడ్డపేరు కూడా ఉంది. ఎం.ఎస్. అని పొట్టిగా పిలిచే మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి ఇక్కడ మాట్లాడాలంటే ముందు ఆ నీళ్ల సంగతే తేల్చుకోవాలి.

జబ్బు గురించి రెండు ముక్కలు. మెదడులో, వెన్నుపాములో నరాల పోగుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరబడి ఆ పొర మీదే దాడి చేస్తే నరాల కబుర్లు దారి తప్పుతాయి. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీన్ని విడి జబ్బుగా వర్ణించాడు. ఎక్కువగా 20–40 ఏళ్ల మధ్య, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. కాలు ఈడ్చి నడవడం అందరికీ కనిపిస్తుంది. నొప్పి, దిగులు కనిపించవు. అందుకే చాలా అపోహలు ఆ రెండింటి చుట్టూనే పెరిగాయి.

అపోహ: ఈ జిల్లాలో ఒళ్లునొప్పులంటే నీళ్ల వల్లే.

ఈ మాట ఊరికే పుట్టలేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టే జపాన్ రుణంతో హొగెనక్కల్ మంచినీటి పథకం కట్టి 2013లో ప్రారంభించారు. తెలుగువాళ్లకు ఇది కొత్త కష్టమూ కాదు. మన దేశంలో ఊళ్లకు ఊళ్లను పట్టిన ఫ్లోరోసిస్ గురించి వైద్యలోకానికి తెలిసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా నుంచే. నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు.

కానీ ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి మెల్లగా వచ్చేది. నడుము, మెడ క్రమంగా బిగుసుకుపోతాయి, ఎముకల్లో వచ్చిన మార్పు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఎం.ఎస్. చాలామందిలో దాడులుగా వస్తుంది. ఉన్నట్టుండి ఒక కంటిచూపు మసకబారుతుంది, కన్ను తిప్పితే లోపల నొప్పి. లేదా నడుము నుంచి కిందికి తిమ్మిరి పట్టి, కొన్ని వారాలుండి తగ్గిపోతుంది. తగ్గిపోయింది కదా అని అందరూ మర్చిపోతారు. చేటలో రాగులు చెరుగుదామని తల వంచగానే మెడ నుంచి వెన్ను వెంబడి కరెంటు పాకినట్టు ఝల్లుమనడం మరో గుర్తు. ఈ ఝల్లుకు లెర్మిట్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరుంది. మెడ ఎముకల అరుగుదలలోనూ, బి12 లోపంలోనూ ఇది రావచ్చు. కాబట్టి ఇది ఒక్కటే ఉంటే ఎం.ఎస్. అని బెంగపడక్కర్లేదు, అలాగని నీళ్ల మీదికి నెట్టేసి ఊరుకోనూ కూడదు. ముదిరిన ఫ్లోరోసిస్ కూడా వెన్నుపామును నొక్కి కాళ్లు పడేస్తుంది. ఏది ఏదో తేల్చేది న్యూరాలజిస్టు పరీక్ష, ఎం.ఆర్.ఐ.

అపోహ: ఎం.ఎస్. చలిదేశాల తెల్లవాళ్ల జబ్బు.

అక్కడ ఎక్కువన్న మాట నిజమే, ఇక్కడ లేదన్నది కాదు. 2014లో వెలువడిన మంగళూరు అధ్యయనంలో లక్షకు ఎనిమిది మందికి పైగా తేలారు. ఎం.ఆర్.ఐ. యంత్రాలు పెరిగేకొద్దీ మన దగ్గర బయటపడేవాళ్లూ పెరిగారు.

అపోహ: ఎం.ఎస్.లో నీరసం, తిమ్మిరి తప్ప నొప్పి ఉండదు.

ఒకప్పుడు వైద్యులే ఇలా అనుకునేవాళ్లు. 2013లో పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో ఎం.ఎస్. ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 63 మంది నొప్పితో ఉన్నారని తేలింది. ఆ నొప్పి ఒక్క రకం కాదు. అరికాళ్లలో రాత్రిపూట మంట ఒకటి. ఛాతీ చుట్టూ పట్టా బిగించినట్టు ఊపిరాడనివ్వని పట్టు ఒకటి. పళ్లు తోముకుంటున్నా, చల్లగాలి తగిలినా చెంప మీద మెరుపు కొట్టినట్టు వచ్చేది ఇంకొకటి. పంటి నొప్పి అనుకుని పన్ను పీకించుకున్నాక గానీ అది ముఖనరం బాధ అని తెలియనివాళ్లున్నారు. ఇవి కాక, కాలు ఈడుస్తూ నడవడం వల్ల నడుముకీ తుంటికీ వచ్చే మామూలు నొప్పులు, కండరాలు కొయ్యబారి లాగే లాగుడు.

ఇక్కడ వేడి గురించి చెప్పాలి. ఒంటి వేడి కాస్త పెరిగినా ఎం.ఎస్. లక్షణాలు ముదిరినట్టు కనిపిస్తాయి. ఒళ్లు శ్రమపడ్డాక ఎం.ఎస్. ఉన్నవాళ్ల చూపు కాసేపు మసకబారడాన్ని ఊటాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు 1890లోనే రాశాడు. చైత్ర వైశాఖాల్లో ధర్మపురి ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. దానికి తోడు, కాళ్లు లాగుతున్నాయన్న కోడలికి అత్తగారు ప్రేమగానే నువ్వులనూనె పట్టించి కాగే నీళ్లు పోస్తుంది. స్నానం చేసి లేచేసరికి కాళ్లు మరింత తేలిపోతాయి. జబ్బు పెరిగిందని ఇల్లంతా బెంబేలు. నిజానికి ఒళ్లు చల్లబడితే అది సర్దుకుంటుంది, నరానికి కొత్తగా నష్టం జరగదు. మర్దన తప్పు కాదు, నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

అపోహ: నరాల సూది వేయించుకుంటే పోతుంది.

బి-కాంప్లెక్స్ సూదికి ఎం.ఎస్. తగ్గదు. బి12 లోపం ఉంటే అది వేరే సంగతి, రక్తపరీక్షలో తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ నడుము నొప్పికి కాస్త పనిచేయవచ్చు గానీ నరం పుట్టించే మంటకు పెద్దగా పనికిరాదు. రోజూ మింగితే మూత్రపిండాలకు ముప్పు. నరాల మంటకు గబాపెంటిన్, ప్రెగాబాలిన్, ముఖనరం బాధకు కార్బమజెపిన్, కండరాల బిగువుకు బాక్లోఫెన్ లాంటి మందులున్నాయి. ఏది, ఎంత అన్నది డాక్టరు తేల్చాలి.

అపోహ: అంత జబ్బొచ్చాక దిగులు పడక ఏం చేస్తారు?

అన్ని అపోహల్లోకీ నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. చెడ్డమాటలా కాక జాలిమాటలా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు. దిగులు సహజమని ఒప్పేసుకున్నాక దానికి వైద్యం అడిగే మనిషే ఉండడు.

2017లో వచ్చిన మరో సమీక్ష ప్రకారం ఎం.ఎస్. ఉన్నవాళ్లలో నూటికి సుమారు 30 మందిలో డిప్రెషన్ కనిపిస్తుంది. ఇది కేవలం కష్టానికి కుంగిపోవడం కాదు. దాడి జరిగేది మెదడు మీదే. మనోభావాలను నడిపే చోట్ల మచ్చలు పడవచ్చు. నరాల్లో వాపు పుట్టించే రసాయనాలు కూడా మనసును కుంగదీస్తాయి. దాడి తగ్గడానికి మూడు నుంచి అయిదు రోజులు ఎక్కించే స్టెరాయిడ్ మందు కూడా కొందరికి నిద్ర చెడగొట్టి మనసును అటూ ఇటూ ఊపుతుంది.

నొప్పికీ దిగులుకీ ముడి పడేది ఇక్కడే. వెన్నుపాములో పైకి వెళ్లే నొప్పి కబురును మెదడు పైనుంచి అదుపు చేస్తుంది. ఆ అదుపుకు సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు కావాలి. మనసు నిలకడకూ అవే కావాలి. దిగులు ముదిరితే అదుపు సడలి నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్రలేమి దిగులును పెంచుతుంది, ఆ దిగులుతో మనిషి మంచం దిగడం మానేస్తే కండరాలు ఇంకా బిగుస్తాయి. ఇందులో ఒక్కదానికే మందిచ్చి రెండోదాన్ని వదిలేస్తే మొదటిదీ లొంగదు.

అపోహ: ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చ లేదు, కాబట్టి నొప్పి అబద్ధం.

మచ్చల లెక్కకూ నొప్పి తీవ్రతకూ సూటి లంకె లేదు. పాత మచ్చ దగ్గర చెడిన నరం ఏళ్ల తర్వాతా నొప్పి కబుర్లు పంపుతూనే ఉంటుంది. పని తప్పించుకోవడానికి నాటకం అనే మాట పడేది ఎక్కువగా కోడళ్లకే అని వేరే చెప్పాలా.

అపోహ: డిప్రెషన్ మందులు పిచ్చివాళ్లకు, ఒకసారి మొదలెడితే వదలవు.

నొప్పికని చెప్పి ఇచ్చిన అమిట్రిప్టిలిన్‌ను చాలామంది ఏ శంకా లేకుండా వేసుకుంటారు. అది డిప్రెషన్‌కు కనిపెట్టిన మందే. తక్కువ మోతాదులో నరాల మంటకు ఇస్తారు. డులోక్సెటిన్ నొప్పికీ దిగులుకీ రెండింటికీ పనికొస్తుంది, పైన చెప్పిన రసాయనాల మీదే దాని పని. ఇవి మత్తుమందుల్లా పట్టుకునేవి కావు. అయితే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ధర్మపురి దగ్గరి అదియమాన్‌కోట కాలభైరవుడికి మొక్కుకునేవాళ్లు మొక్కుకోండి. మనసుకు ఆసరా ఎక్కడ దొరికినా మంచిదే. మాత్ర మాత్రం మానకండి.

అపోహ: మాటలతో నయమా? అందుకోసం బెంగళూరు దాకా ఎవరు పోతారు?

బెంగళూరులో మనసుకూ నరాలకూ వైద్యం చేసే నిమ్హాన్స్ సంస్థకు ఇక్కడి నుంచి సుమారు 130 కిలోమీటర్లు. కాలు తడబడే మనిషికి ఆ బస్సు ప్రయాణం చిన్న విషయం కాదు, నిజమే. కానీ మాటల వైద్యానికి ఎప్పుడూ ఎదురుగా కూర్చోనక్కర్లేదు. ఎం.ఎస్.తో డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఫోనులోనే చికిత్స చేసి కుంగుబాటు తగ్గడం చూశామని అమెరికాలో డేవిడ్ మోర్ బృందం 2005లో ప్రకటించింది. ధర్మపురిలోనే 2008 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, మొదటి మాట అక్కడి ఆసుపత్రిలో మొదలుపెట్టవచ్చు. ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేయించే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టులో మొదలైంది పక్క జిల్లా కృష్ణగిరిలోని సామనపల్లిలోనే. తగిన వ్యాయామం నొప్పికీ దిగులుకీ రెండింటికీ మేలు చేస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. ధ్రువపత్రం తెచ్చుకోవడం సిగ్గుపడే పని కాదు.

ఇంట్లో ఎం.ఎస్. ఉన్నవాళ్లుంటే ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తోడు వెళ్లండి. నొప్పి ఎక్కడ, ఏ వేళ, ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకెళ్లండి. దాని పక్కనే ఇంకో రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: గత రెండు వారాలుగా చాలా రోజులు మనసు దిగులుగా ఉందా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా. డాక్టరు అడగకపోయినా ఆ కాగితం ముందు పెట్టండి. బతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, మాట్లాడే భాషల్లో తెలుగూ ఉంది.