టి కణం శత్రువును ఎట్లా గుర్తుపడుతుంది?

మన రక్తంలోని తెల్ల కణాలలో టి కణాలు ఒక తెగ. ఇవి ఎముకల మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక వుండే థైమస్ గ్రంథిలో తర్ఫీదు పొందుతాయి. థైమస్ మొదటి అక్షరమే వాటి పేరయింది. వైరస్ సోకిన కణాలనూ, కాన్సర్ కణాలనూ వెతికి చంపడం వీటిలో కొన్నిటి వృత్తి. కాని ఒక చిక్కు వున్నది. వైరస్ దాక్కునేది కణం లోపల. టి కణం తిరిగేది బయట. మరి లోపలి దొంగను బయటి కాపలావాడు పసిగట్టేదెట్లా?

ధాన్యం బేరానికి వచ్చిన వ్యాపారి ప్రతి బస్తా విప్పి కుమ్మరించడు. ఇనప గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు బయటికి తీసి చూస్తాడు. లోపలి సరుకు సంగతి ఆ గుప్పెడే చెబుతుంది. మన కణాలు ఎవరూ అడగకుండానే యీ పని చేస్తుంటాయి. తమలో తయారైన ప్రోటీన్లను తునకలు చేసి, ఎనిమిది తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కలను ఎం.హెచ్.సి. అనే అణువుల దోసిలిలో పెట్టి పైపొర మీద నిలబెడతాయి. టి కణం తన గ్రాహకంతో ఆ దోసిలినీ, అందులోని ముక్కనూ కలిపి తడిమి చూస్తుంది. స్వంత సరుకైతే పోనిస్తుంది. పరాయిదైతే ఆ కణాన్ని చంపుతుంది.

ఇక్కడ "కలిపి" అన్న మాట ముఖ్యం. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే యిద్దరు ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1974లో యీ సంగతి బయటపెట్టారు. ఒక జాతి ఎలుకలో తయారైన టి కణాలు, అదే వైరస్ సోకిన మరో జాతి ఎలుక కణాలను చంపలేదు. వైరస్ ఒకటే గాని దోసిలి వేరు! యీ పనికే 1996లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

దోసిలిని పట్టడం చేతగాని కణాలూ, స్వంత ముక్కలనే శత్రువులనుకునే కణాలూ థైమస్‌లోనే చచ్చిపోతాయి. నూటికి తొంభైకి పైగా అక్కడే తప్పుతాయి. మన యూనివర్సిటీ పరీక్షలే నయం!

కాన్సర్ కణం మన కణమే గనుక అది చూపే ముక్కల్లో తేడా స్వల్పం. పైగా చాలా కాన్సర్లు దోసిలినే దాచేస్తాయి. అప్పుడు టి కణం పక్కనే వుండి కూడా గుడ్డిదవుతుంది. అయితే యాంటీబాడీకి దోసిలితో పని లేదు. కణం పైనున్న ప్రోటీన్‌ను వున్నదున్నట్టే పట్టుకుంటుంది. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు జెలిగ్ ఎష్హార్ 1989లో యాంటీబాడీ కొనను టి కణపు గ్రాహకానికి అతికించాడు. తరువాతివారు దాని లోపలి భాగానికి రెండో సంకేతాన్ని చేర్చి బలం పెంచారు. దానినే నేడు కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్, పొట్టిగా "కార్" అంటున్నారు.

వైద్యం యిట్లా జరుగుతుంది. రోగి రక్తం నుంచి టి కణాలను వేరు చేస్తారు. కోరలు తీసిన వైరస్‌తో కొత్త జన్యువును వాటిలోకి పంపి, కోట్లలో పెంచి, తిరిగి ఎక్కిస్తారు. 2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు, మందులకు లొంగని రక్త కాన్సర్ యిట్లాగే నయమైంది. కాని మధ్యలో విపరీతమైన జ్వరంతో ప్రాణం మీదికి వచ్చింది. టి కణాలు ఒక్కసారిగా రెచ్చిపోతే వచ్చే తుఫాను అది. ఇంకొకటి: గురిపెట్టే సి.డి.19 ప్రోటీన్ ఆరోగ్యమైన బి కణాల మీద కూడా వుంటుంది. కలుపుతో పాటు కొంత పైరూ పోతుందన్నమాట. గడ్డలు కట్టే కాన్సర్లలో యీ వైద్యం యింకా అంతగా పారడం లేదు.

ఇక ఖర్చు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి కార్-టి మందు ధర 4,75,000 డాలర్లు. అప్పటి లెక్కన మూడు కోట్ల రూపాయలు. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ వారు కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు మన దేశంలో 2023లో అనుమతి వచ్చింది. విడుదలైనప్పుడు ధర ముప్పై, నలభై లక్షల మధ్య అన్నారు. పదోవంతుకు దిగింది, సంతోషమే. కాని మా వైపు యింట్లో పెద్ద జబ్బు వస్తే ముందు బయటికి వచ్చేవి పొలం కాగితాలు. ముప్పై లక్షలంటే చిన్న రైతుకు వున్న భూమంతా.

ప్రతి రోగికీ అతని కణాలతోనే విడిగా తయారుచేయాల్సి రావడం యీ ఖర్చుకు ఒక పెద్ద కారణం. దాత కణాలతో ముందే చేసి వుంచితే చవకవుతుంది గదా? కాని దాత టి కణాలకు రోగి దోసిలి పరాయిది. అవి అతని శరీరం మీదే తిరగబడతాయి. కాన్‌బెర్రా ఎలుకల చిక్కే మళ్లీ ఎదురైంది! దాత కణాల పాత గ్రాహకపు జన్యువును కత్తిరించి, 2015లో లండన్‌లో ఒక పసిపాపకు ఎక్కించారు. ఆ దారి యింకా పూర్తికాలేదు. జీవశాస్త్రం చదువుతున్న మనలో కొందరైనా ఆ పనికి పూనుకుంటే, పొలం అమ్మకుండా జబ్బు నయమయ్యే రోజు కొంత ముందుగా వస్తుంది.