సెలవులలో పట్నమునకు సకుటుంబ యాత్ర

మలక్‌పేట అనగానే మన రైతు సోదరులకు ఉల్లిగడ్డల, మిరపకాయల మార్కెట్టు జ్ఞప్తికి వచ్చును. బస్తాలతో అక్కడికి పోయి, సరుకు అమ్ముకొని, ఆ రాత్రికే ఇల్లు చేరినవారు నల్లగొండ, మహబూబ్‌నగరు, కర్నూలు ప్రాంతములలో ఎందరో గలరు. అట్టివారికి పట్నము కొత్త కాదు. కాని దసరా సెలవులలోనో, ఎండాకాలపు సెలవులలోనో పిల్లలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో పట్నము చూడవచ్చుట వేరు. ఒంటరిగా వచ్చినవాడు ఆకలిని ఓర్చుకొనును. దారి తప్పినను అడిగి తెలిసికొనును. అయిదేండ్ల బిడ్డయు, డెబ్బది యేండ్ల అవ్వయు వెంట ఉన్నప్పుడు అది సాధ్యము కాదు. ప్రయాణమునకు పది దినముల ముందే ఇంటిల్లిపాది కూర్చుండి కొంత ఆలోచించుకొనుట అందువలన అవసరము.

విజయవాడ, సూర్యాపేట, నల్లగొండ వైపునుండి వచ్చు బస్సులు ఎల్.బి.నగరు, దిల్‌సుఖ్‌నగరు, మలక్‌పేట దాటి, చాదర్‌ఘాటు వద్ద మూసీనది మీదుగా గౌలిగూడలోని మహాత్మాగాంధీ బస్సు స్టేషనునకు చేరును. సాధారణముగా ఈ దారి సుగమమే. అయితే 2025వ సంవత్సరము సెప్టెంబరు 26, 27 తేదీలలో జరిగినదానిని మరువరాదు. జంట జలాశయములైన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల గేట్లు ఎత్తి నీరు వదలగా మూసీ పొంగినది. దసరా ప్రయాణికులతో నిండిన ఆ బస్సు స్టేషనులోనికే నీరు ప్రవేశించినది. చాదర్‌ఘాటు, మూసారాంబాగుల వద్ద వంతెనలపై రాకపోకలు నిలిపివేయబడినవి. సూర్యాపేట, నల్లగొండ, విజయవాడల బస్సులు ఎల్.బి.నగరు నుండియే నడిచినవి. 1908వ సంవత్సరపు సెప్టెంబరులో వచ్చిన మహా వరద తరువాతనే, అట్టి విపత్తు మరల రాకుండుటకై, ఈ జలాశయములు నిర్మింపబడినవి. అయినను వానలు మితిమీరినప్పుడు మూసీ ఒడ్డున జాగ్రత్త తప్పదని తేలినది.

దీనినుండి ప్రయాణికుడు గ్రహింపవలసినది ఒకటి కలదు. చేరవలసిన చోటికి రెండవ దారి ఏదో ఇంటివద్దనే తెలిసికొని బయలుదేరవలెను. మలక్‌పేటలోని బంధువుల ఇంటికి పోవువారు బస్సు స్టేషను వరకు పోయి తిరిగి రానక్కరలేదు. ఎల్.బి.నగరులో దిగి మెట్రో రైలు ఎక్కినచో నేరుగా మలక్‌పేటలోనే దిగవచ్చును. ఈ మార్గము 2018వ సంవత్సరము సెప్టెంబరు 24 నుండి నడచుచున్నది. రైలులో కాచిగూడకు వచ్చువారికి మలక్‌పేట పక్కనే ఉన్నది. లోకల్ రైలులో మరుసటి స్టేషనే. పెద్ద వాన కురిసిన దినమున మలక్‌పేట రైలు వంతెన క్రింది రోడ్డుపై నీరు నిలుచుట పరిపాటి. అప్పుడు ఆటోవానిని తొందరపెట్టక, నీరు తీయువరకు ఆగుటయే మేలు.

బంధువుల చిరునామా విషయమున మన గ్రామములలో అశ్రద్ధ ఎక్కువ. "మలక్‌పేటలో మా అక్క ఇల్లు" అన్నంత మాత్రమున ఆటోవానికి ఏమి తెలియును? పాత మలక్‌పేట వేరు, కొత్త మలక్‌పేట వేరు. పక్కనే సైదాబాదు, ఆస్మాన్‌గఢ్, మూసారాంబాగు ఉన్నవి. అడ్డగీతలతో కూడిన ఇంటి నంబరు ఒక్కటే చాలదు. దగ్గరలోని గుడియో, మసీదో, బడియో, మెట్రో స్టేషనో గుర్తుగా వ్రాసికొనవలెను. ఆ చిరునామాయు, రెండు ఫోను నంబర్లును కాగితముపై వ్రాసి పెద్దవారి జేబులలో వేర్వేరుగా ఉంచవలెను. ఫోనులో ఉన్నది కదా అని కొందరందురు. ఫోను చార్జి అయిపోయిన రాత్రి ఆ కాగితమే దిక్కు. డబ్బును గూడ ఒకేచోట ఉంచరాదు.

ఆడవారి ప్రయాణమును గురించి ఒక మాట. తెలంగాణ రాష్ట్రములో 2023వ సంవత్సరము డిసెంబరు 9 నుండి బాలికలకు, స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు హద్దులవరకు టికెట్టు ఖర్చు లేదు. పట్నములో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సులలోను అంతే. ఇందులకు ఈ రాష్ట్రవాసులని తెలుపు గుర్తింపు కార్డు చూపవలెను. కనుక ఇంటిలోని ప్రతి స్త్రీయు తన కార్డు తనవద్దనే ఉంచుకొనుట మంచిది. మెట్రో ఎక్స్‌ప్రెస్ అనునది బస్సు. మెట్రో రైలు వేరు, అందులో అందరును టికెట్టు కొనవలసినదే. ఈ పేర్ల పోలికవలన పొరబడినవారిని మేము చూచితిమి. దూరమునుండి రైలులో రాదలచినవారు, 2024వ సంవత్సరము నవంబరు నుండి రిజర్వేషను అరువది దినముల ముందు మాత్రమే మొదలగుచున్నదని గుర్తుంచుకొనవలెను.

ఇక చూడదగిన స్థలములు. ముందుగా సెలవు దినములను తెలిసికొనుట ముఖ్యము. ఒకమారు మేము ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని, పులిని చూపెదమని ఊరించి, సోమవారమునాడు జూపార్కు ద్వారము చేరితిమి. ద్వారము మూసియున్నది. తప్పు మాదే, నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవని ఇంటిలో ఎవ్వరమును విచారింపలేదు. చిన్నవాని ఏడ్పు మలక్‌పేట చేరువరకు ఆగలేదు. సాలార్‌జంగు మ్యూజియమునకును, చౌమహల్లా ప్రాసాదమునకును శుక్రవారము సెలవు. సాలార్‌జంగు మ్యూజియము మలక్‌పేటకు దగ్గర; చాదర్‌ఘాటు దాటి మూసీ దక్షిణపు గట్టున ఉన్నది. అక్కడి గడియారములో గంట గంటకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టును. పన్నెండింటికి పండ్రెండు దెబ్బలు వినగోరి జనము గుమికూడుదురు. పిల్లలకు ముందువరుసలో చోటు కావలెనన్నచో పావుగంట ముందే చేరవలెను.

ఒక దినమునకు రెండు స్థలములకు మించి పెట్టుకొనరాదని మా అభిప్రాయము. గోలకొండ ఎక్కిన దినమున చార్మినారు గూడ ఎక్కవలెనన్న అవ్వ మోకాళ్లు ఒప్పుకొనవు. గోలకొండకు ఉదయమే పోవుట మంచిది. తీరిక ఉన్నచో ఆస్మాన్‌గఢ్ గుట్టపై గల రేమాన్ సమాధిని చూడవచ్చును. నిజాము కొలువులోని ఆ ఫ్రెంచి సేనాని 1798వ సంవత్సరమున మరణించెను. ఆయన పేరే జనుల నోట మారి మూసారాంబాగు అయినదని చెప్పుదురు.

రద్దీ స్థలములలో పిల్లలు తప్పిపోవుట అన్నిటికంటె భయంకరమైనది. చార్మినారు చుట్టు పండుగ దినములలో జనసమ్మర్దము ఎట్లుండునో చూచినవారికి తెలియును. బయలుదేరు ఉదయముననే పిల్లవానిని ఆనాటి దుస్తులతో ఒక ఫోటో తీయవలెను. తప్పిపోయినప్పుడు, "ఏ రంగు చొక్కా?" అని పోలీసువారు అడుగగా తల్లికే జ్ఞప్తికి రాని సందర్భములు గలవు. తప్పిపోయిన బిడ్డ అటునిటు పరుగెత్తక ఉన్నచోటనే నిలువవలెనని, పోలీసువారికో, దుకాణములోని స్త్రీకో చెప్పవలెనని ఇంటివద్దనే రెండుమూడు మారులు ఆటవలె నేర్పవలెను. పిల్లల సహాయమునకు 1098, ఏ ఆపదకైనను 112 నంబర్లకు ఫోను చేయవచ్చును.

మందుల సంచి చేతిలోనే ఉండవలెను. మా బంధువొకాయన చక్కెర వ్యాధి మాత్రలను పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బస్సు డిక్కీలో వేయించెను. భోజనవేళ బస్సు ఆగినప్పుడు దానిపై మరి పది పెట్టెలున్నవి! మాత్రలు రెండు దినములకు అధికముగానే తీసికొనవలెను. దారిలో తినుటకు పులిహోర, సకినాలు మంచివి. పెరుగన్నము ఎండలో పులియును. విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలతనీటిలోనే కలుపవలెను. గ్లాసుడు నీటిలో పొట్లమంతయు గుమ్మరించుట పిల్లలకు హానికరము.

ఇల్లు విడుచుటకు ముందు గ్యాసు మూత త్రిప్పి, బావి మోటారునకు ఆటో స్టార్టరు ఉన్నచో దానిని తీసివేయవలెను. లేనిచో కరెంటు వచ్చినప్పుడెల్ల మోటారు నడచి, నీరు ఎవరి పొలమునకు పారునో చెప్పలేము. పశువులను అప్పగించిన పొరుగువారికి మేత ఎక్కడ ఉన్నది, ఏ ఆవు తన్నును అనునవి చూపి పోవలెను. ఎన్ని దినములు ఉండెదరో పట్నపు బంధువులకు ముందే చెప్పుట మర్యాద. ఎండాకాలములో నీళ్ల ట్యాంకరు కొరకు ఎదురుచూచు ఇండ్లు అక్కడ గలవు. అట్టి ఇంటికి ఏడుగురు చెప్పకుండ దిగుట తగదు.

తిరుగు ప్రయాణమును బడులు తెరచు ముందటి దినమునకు ఉంచరాదు. ఆనాడు బస్సులు గౌలిగూడలోనే నిండిపోవును, మలక్‌పేటలోనో, ఎల్.బి.నగరులోనో ఎక్కదలచినవారికి నిలుచుటకైనను చోటు దొరకదు. ఒకదినము ముందుగా బయలుదేరవలెను. వృద్ధులు వెంట ఉన్నప్పుడు మాత్రము, మలక్‌పేట నుండి వెనుకకు పోవలసివచ్చినను, మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనే ఎక్కి కూర్చుండవలెను.