జానెడు అంబాసిడర్

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా రూపొందిన అంబాసిడర్ ఉత్పత్తి ఉత్తరపారాలో 2014లో నిలిచిపోయింది. మా కార్యాలయపు తెల్ల అంబాసిడర్‌ను నడిపిన డ్రైవరుగారికి పదవీ విరమణ కానుకగా ఆ కారు నమూనానే ఇవ్వాలని నిశ్చయించాము. కొలత 1:18. ముందు వెనుక చక్రాల నడుమ దూరం 2464 మిల్లీమీటర్లు 137కు తగ్గింది. తలుపులు సులభమే, గుండ్రని బానెట్టు, ఉబ్బిన మడ్‌గార్డులే అసలు పరీక్ష. బాల్సా చెక్కను చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, పుట్టీ పట్టించి, పలుచని పూతలుగా రంగు వేశాము. దళసరి పూతకు తలుపుల గీతలు పూడిపోతాయి. వెనుక సీటుపై తువాలు లేనిదే ఆఫీసు కారెట్లవుతుంది? అదీ పరిచాము.

ఎడమ తలుపు సొట్టపైనే వాదన. 1996 కోనసీమ తుపాను రాత్రి సిబ్బందిని ఇళ్లకు చేరుస్తుండగా కొమ్మ విరిగిపడిన గుర్తు అది. కొత్త కారులా ఉండాలన్నారు కొందరు. సొట్టనే ఉంచాము. నమూనా అందుకొన్న డ్రైవరుగారు ముందుగా ఆ తలుపునే నిమిరారు.