సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కళాసంపద: చేర్యాల పటాలతో పోలిక

దుబ్బాక: హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో సందర్శకులు గంటల గడియారం, మేలిముసుగు రెబెకా శిల్పం వద్దనే ఎక్కువగా గుమిగూడుతారు. తూర్పు దేశాల విభాగంలోని జపాన్ కళాఖండాలకు ఆ ఆదరణ లభించడం లేదు. దుబ్బాక వంటి చేతివృత్తుల ప్రాంతాల నుంచి వెళ్లే వారికి ఆ విభాగంలోనే అధిక ప్రయోజనం ఉన్నది.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన ఈ సంపదను 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో ప్రజల సందర్శనార్థం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించినది. 1968లో మ్యూజియం మూసీ తీరాన ఉన్న ప్రస్తుత భవనానికి మారినది. జపాన్ విభాగంలో సత్సుమా, ఇమారీ పింగాణీ పాత్రలు, సమురాయ్ ఖడ్గాలు ముఖ్యమైనవి. ఇమారీ అనునది తయారైన ఊరి పేరు కాదు; అరితాలో తయారైన పాత్రలు ఓడకెక్కిన రేవు పేరు. 1876లో జపాన్ ప్రభుత్వం బహిరంగంగా ఖడ్గధారణను నిషేధించడంతో, వంశపారంపర్యంగా వచ్చిన ఖడ్గాలు అనేకం విపణికి చేరి విదేశీ సేకర్తల చేతికి వెళ్లినవి.

ఈ వస్తువులు కళాఖండాలే కాక చారిత్రక పత్రాలు కూడా. ఖడ్గం పిడిలో దాగియుండే భాగంపై కమ్మరి తన పేరు చెక్కుట కద్దు. జపాన్ చెక్క అచ్చు చిత్రాలపై 1790 నుంచి 1870 దశకం వరకు ఉన్న తనిఖీ ముద్రల ఆధారంగా చరిత్రకారులు వాటి కాలాన్ని నిర్ణయించగలుగుతున్నారు.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ పటాలకు ఇట్టి ముద్రలు లేవు. పటాన్ని వేలాడదీసి కథ చెప్పే ఈ పద్ధతికి దగ్గరి పోలిక జపాన్‌లోని ‘ఎతోకి’. అక్కడ బౌద్ధ భిక్షువులు, భిక్షుణులు చిత్రాలను చూపుతూ గాథలు వినిపించేవారు. అయితే ఇక్కడ జీర్ణించిన పటాన్ని నదిలో నిమజ్జనం చేసి కొత్తది వ్రాయించుకొనుట ఆనవాయితీ. అందువలన పాత పటాలు బహు స్వల్పంగా మిగిలినవి. గుడ్డపై గంజి, సుద్ద, చింతగింజల జిగురుతో వేసిన పూత పదే పదే చుట్టిన కొలది పగులుతుంది.

కాగితం, పట్టు, సహజ వర్ణాలు గల వస్తువులపై వెలుతురు 50 లక్స్ మించరాదని మ్యూజియంలు సాధారణంగా పాటించే ప్రమాణం. రంగు ఒకసారి వెలిసిన పిదప తిరిగి రాదు. గ్రామాలలో కథకుల కుటుంబాల వద్ద మిగిలిన పటాలను ముందుగా ఛాయాచిత్రాలు తీయించి, పట్టిక వేయించినచో, అవి నదిలో కలిసినను వాటి రూపం, కథ మిగులుతాయి.

మ్యూజియానికి శుక్రవారం సెలవు.