ఆస్పత్రిలో తిరిగే బళ్లు: వాటి సంగతి మీకు తెలుసా?

ఆస్పత్రి వరండాలో గడగడమంటూ చక్రాల బండి వస్తే అందరం పక్కకు తప్పుకుంటాం. కాని అందులో ఏముందో, ఎందుకు వస్తోందో ఆలోచించేవారు తక్కువ. పైగా వార్డులో జాగా చాలదని టిఫిన్ క్యారియరూ, ఫ్లాస్కూ దాని మీదే పెట్టేస్తుంటారు. ఇది చూడటానికి చిన్న విషయమే. ఒక్కోసారి మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రాణాలు నిలిపే బండి

అన్నిటిలోకీ ముఖ్యమైనది 'క్రాష్ కార్ట్'. చాలాచోట్ల ఎర్రరంగులో ఉంటుంది. ఛాతీ కోయకుండా, పైనుంచి నొక్కి రక్తప్రసారం సాగించవచ్చునని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ప్రకటించారు. 1962లో కాన్సాస్ రాష్ట్రంలోని బెథనీ ఆస్పత్రిలో ఇలాంటి బండి వాడుకలోకి వచ్చింది. గుండె ఆగిన రోగిని పరికరాల దగ్గరికి మోసుకుపోయే బదులు, పరికరాలనే రోగి మంచం దగ్గరికి తేవడం దీని ఉద్దేశం.

పైన గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటుంది. సొరుగుల్లో అడ్రినలిన్, అమియోడరోన్, అట్రోపిన్ వంటి మందులూ, గొంతులో వేసే గొట్టాలూ, ఊపిరి అందించే అంబూ బ్యాగూ ఉంటాయి. రోగి వీపు కింద పెట్టే గట్టి పలక, ఆక్సిజన్ సిలిండరు కూడా దానితోనే వస్తాయి. గుండె లయ తప్పి కుప్పకూలిన రోగికి ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. దారిలో మీరు వేసిన కుర్చీని జరపడానికి పట్టే సమయం కూడా ఈ లెక్కలోకే వస్తుందని మరవకండి.

సొరుగులకు నంబరు వేసిన ప్లాస్టిక్ సీలు ఉంటుంది. 'లోపల అన్నీ సరిగా ఉన్నాయి' అనడానికి అదే గుర్తు. పిల్లలు ఆటగా దాన్ని తెంపితే నర్సులు మళ్లీ ప్రతి మందునూ లెక్కచూసుకోవాలి.

మందుల బండి, కట్ల బండి

మందుల బండితో వచ్చిన నర్సు 'మీ పేరేమిటి?' అని రోజూ అడుగుతుంటే విసుక్కోకండి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ: ఈ అయిదూ చూసుకోవడం ఆమె విధి. పడని మందులేవైనా ఉంటే అప్పుడే చెప్పండి. పక్క మంచం వారి మాత్రలు మీరు అందుకుని ఇవ్వకండి.

డ్రెస్సింగు బండి మీద శుద్ధిచేసిన పరికరాలుంటాయి. వాటిని తాకరాదు. శుభ్రంగా ఉన్న గాయాలకు ముందు, చీము పట్టిన వాటికి చివర కట్టు కట్టడం పద్ధతి. కాబట్టి 'మావాళ్లకు ముందు కట్టరేం?' అని తగవు పడకండి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, సూదులు తెల్లటి గట్టి డబ్బాలోకి పోవాలి. అరటితొక్కలు వాటిలో వేయకండి.

స్ట్రెచరు, ఆక్సిజన్ బండి

స్ట్రెచరు మీదికి రోగిని ఎక్కించేటప్పుడు బ్రేకు వేశారో లేదో చూడండి. తోసేముందు రెండువైపులా కమ్మీలు ఎత్తించండి. రోగి చేతులు బయటికి వేలాడకుండా చూడండి. మూత్రపు సంచిని పొట్ట మీద పెట్టకండి. అది ఎప్పుడూ పొట్టకంటె కిందుగానే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి పారి చీము పట్టే ప్రమాదం ఉంది.

ఎమ్మారై గది దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 2018లో ముంబయిలో, బంధువుకు తోడుగా వచ్చిన ఒకతను ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ యంత్రంలోని అయస్కాంతం పరీక్ష జరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. మామూలు స్ట్రెచరునూ, చక్రాల కుర్చీనీ కూడా లాగేసుకుంటుంది. ఎవరు తీసుకురమ్మన్నా సరే, టెక్నీషియన్‌ను అడగకుండా ఇనుప వస్తువేదీ లోపలికి తీసుకువెళ్లకండి.

ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు మీ సంచీ మంచం కింద పెట్టుకోండి, నడిచే దారి వదలండి. ఆ దారినే వచ్చే బండి రేపు మీ ఇంటివారి కోసమే కావచ్చు.