చెంచాలు ఎన్నొచ్చినా.. చేతి ముద్దదే రుచి!
* ఇంట్లో కంచం.. విందులో ప్లాస్టిక్ చెంచా
* తినగలిగే చెంచాను అందించిన హైదరాబాద్
* వాడి పారేసే అలవాటుతో కాలువలకే ముప్పు

విజయవాడ: విందుకు వెళితే పళ్లెంతో పాటు చెంచా అందుకోవడం నేడు మామూలైపోయింది. అదే కుటుంబం ఇంటికి చేరాక కంచంలో చేయి పెట్టి కలుపుకోనిదే భోజనం చేసినట్లు భావించదు. కృష్ణా డెల్టాలో ఈ రెండు అలవాట్లూ పక్కపక్కనే సాగుతున్నాయి. కొత్త రకం చెంచా పట్ల మక్కువ, చేతి ముద్ద పట్ల మమకారం.. ఈ రెంటి నడుమ అసలు తేల్చుకోవాల్సింది రుచి సంగతి కాదు, తిన్నాక మిగిలే చెత్త సంగతి.

చేతికే ఎందుకీ పెద్దపీట?

డెల్టా భోజనం కలుపుకొని తినేది. వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ ఏ పాళ్లలో కలవాలో వేళ్లకే తెలుస్తుంది. నోటికి చేరకముందే వేడి ఎంతో చేయి చెబుతుంది. బొచ్చె, శీలావతి వంటి చేపల్లోని సన్నని ముళ్లను ఏరడం చెంచాతో అయ్యే పని కాదు. పిల్లలకు గోరుముద్దలు తినిపించే తల్లికి చేయే చెంచా. అలాగని మనవారు చెంచాను ఎన్నడూ దూరం పెట్టలేదు. పసివారికి ఉగ్గుగిన్నె, వడ్డనకు గరిటె, పాయసానికి చెంచా.. ఇలా దేని చోటు దానిదే.

ఈ తీరు ప్రపంచాన్నీ ఆకట్టుకుంది. గుడివాడకు చెందిన శతాధిక వృద్ధురాలు మస్తానమ్మ 2016లో యూట్యూబ్‌లో వంటలు చూపడం ఆరంభించారు. ఆరుబయట కట్టెల పొయ్యిపై ఆమె వండిన పుచ్చకాయ కోడికూర లక్షలాది మందిని అలరించింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. ఖరీదైన వంటసామగ్రి ఏదీ లేకుండానే ఆమె అంతటి ఆదరణ పొందడం గమనార్హం.

చెంచానే తినేస్తే..

చెంచాల్లో వింతగా పేరుపొందినది తెలుగు నేలపైనే పుట్టింది. ఇక్రిశాట్‌లో పనిచేసిన నారాయణ పీసపాటి హైదరాబాద్‌లో 2010లో బేకీస్ సంస్థను నెలకొల్పి, జొన్న, బియ్యం, గోధుమ పిండితో తినగలిగే చెంచాలు తయారు చేశారు. వరి సాగుకు భూగర్భజలాలను విపరీతంగా తోడేస్తున్నారని గమనించిన ఆయన, తక్కువ నీటితో పండే జొన్నకు గిరాకీ కల్పించాలన్న ఉద్దేశంతో ఈ దారి పట్టారు. 2016లో ఈ చెంచాల వీడియో దేశదేశాల్లో ప్రచారం పొందింది. భోజనం అయ్యాక చెంచానూ నమిలి తినవచ్చు. పారేసినా మట్టిలో కలిసిపోతుంది.

కాలువల్లో చేరితే..

ప్లాస్టిక్ చెంచాకు ఆ గుణం లేదు. విజయవాడ నగరంలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పారుతున్నాయి. గట్టున పడేసిన పళ్లేలు, చెంచాలు గాలికి, వానకు నీటిలో చేరితే దిగువ తూములకు అడ్డం పడతాయి. ఆ నీరే డెల్టా పొలాలను తడుపుతుంది, ఊళ్ల చెరువులను నింపుతుంది. అంటే నగరంలో విందు చేసేది ఒకరైతే, చెత్త భారం మోసేది దిగువనున్న రైతు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, పళ్లేలు, గ్లాసులను కేంద్రం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించింది.

అయితే చేతి భోజనానికీ ఒక షరతు ఉంది. చేయి కడుక్కోవడానికి మంచినీరు, సబ్బు తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు చుట్టూ ఉన్నది మురికినీరే. అటువంటి వేళ ఆహార పొట్లంతో పాటు చెంచా ఉండటం ఆడంబరం కాదు, ఆరోగ్య రక్షణ. వృద్ధులకు, చేతులు వణికే రోగులకూ చెంచా ఆసరాయే.

కనుక చెంచా తప్పు కాదు, వాడి పారేయడమే తప్పు. విందులో బంతి వేసి అరిటాకులో వడ్డిస్తే చెంచాల అవసరమే తగ్గుతుంది. బఫే తప్పనిసరైతే కడిగి మళ్లీ వాడే స్టీలు చెంచాలు, చేతులు కడుక్కునే కుళాయిలు ఏర్పాటు చేసుకోవచ్చు. భోజనాల ఏర్పాట్లు మాట్లాడుకునే రోజునే ఈ రెండూ చెప్పి ఉంచితే, విందు ముగిశాక కాలువ గట్టుకు చేరే చెత్త చాలావరకు తగ్గుతుంది.