కనబడుటయు నొక రక్షణమే

సందెవేళ కుమారుడు మోటారు సైకిలు బయటకు తీయగానే "హెల్మెట్టు పెట్టుకొంటివా నాయనా?" యని యడుగు తల్లులు మన యిండ్లలో చాలమంది కలరు. "ఎదుట వచ్చువారికి నీవు కనబడుదువా?" యని యడుగువారు మిక్కిలి యరుదు. మొదటి ప్రశ్నను మానరాదు. దాని వెంట రెండవదియు వేయవలెనని మా యభిప్రాయము. ఇది పురుషుల విషయమని త్రోసివేయుటకును వీలులేదు. స్వయముగా స్కూటరు నడుపుచు ఉద్యోగమునకును, పిల్లల బడికిని, సంతకును పోవు సోదరీమణులు నేడు ఊరూరను కలరు.

ప్రభుత్వమువారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనములపై పోవువారే. హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. కావున మొట్టమొదట కావలసినది హెల్మెట్టే. దానికి బదులుగా మరియొకటి లేదు. అయితే హెల్మెట్టు దెబ్బ తగిలిన క్షణమున తలను కాపాడును. ఆ దెబ్బయే తగులకుండుటకు మార్గమేదియని యోచించినప్పుడు మెరయు దుస్తుల ప్రసక్తి వచ్చును.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతమున జరిగిన సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదములను హ్యారీ హర్ట్ అను పరిశోధకుడును ఆయన సహచరులును పరిశీలించి 1981లో నివేదిక ప్రకటించిరి. వేరొక వాహనముతో జరిగిన ప్రమాదములలో మూడింట రెండు వంతులు, ఆ రెండవ వాహనము నడుపువాడు దారి ఈయక అడ్డు వచ్చుటచేతనే కలిగినవని అందు తేలినది. మోటారు సైకిలును అతడు చూడకపోవుట, లేక చాల ఆలస్యముగా చూచుట దీనికి ముఖ్యకారణము. "ఆ వైపు చూచితిని గాని బండి కనబడలేదు" అని యతడు చెప్పుమాట అబద్ధమే కానక్కరలేదు. ఎదురుగా వచ్చు ద్విచక్ర వాహనము సన్నని గీతవలె నుండును. దూరమున నున్నంతసేపు దాని పరిమాణము పెరుగుచున్నట్లే కంటికి తోచదు. దగ్గరకు వచ్చిన పిమ్మట ఒక్కసారిగా పెద్దదగును. కారు ముందుటద్దమునకు ప్రక్కనుండు స్తంభము చాటున బండియు మనిషియు పూర్తిగా మరుగుపడుటయు కలదు.

మెరయు దుస్తులలో రెండు గుణములున్నవి. వానిని వేరువేరుగా తెలిసికొనవలెను. నిమ్మపండు ఛాయగల ఆ తీవ్రమైన రంగు, సూర్యకాంతిలోని కంటికి కనబడని కిరణములను గ్రహించి, కనబడు వెలుగుగా మార్చి బయటకు పంపును. కావుననే పగలును, మబ్బువేళను, సంధ్యాసమయమునను అది ప్రకాశించును. చీకటి పడిన పిమ్మట ఆ రంగువలన లాభము స్వల్పము. అప్పుడు పనిచేయునవి వెండిరంగు పట్టీలు. వానిలోని సూక్ష్మమైన గాజుపూసలు తమపై బడిన దీపకాంతిని వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును. అందుచేత దీపము వెనుక కూర్చున్నవానికి అవి తళతళ మెరయుచు కనబడును. దీపము లేకుండ వచ్చు వాహనము ముందు ఆ పట్టీలు నిరుపయోగములు.

వీనివలన నిజముగా ప్రమాదములు తగ్గునా? న్యూజీలండులోని ఆక్లండు ప్రాంతమున 1993 మొదలు 1996 వరకు ప్రమాదములకు లోనైన 463 మంది మోటారు సైకిలు నడుపువారిని, ఆ ప్రాంతపు రోడ్లమీదనే పోవుచున్న 1,233 మందితో పోల్చి చూచిరి. ఆ ఫలితములు 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వెలువడినవి. మెరయు దుస్తులు ధరించినవారికి అపాయము నూటికి 37 వంతులు తక్కువగా నుండెను. తెల్ల హెల్మెట్టు గలవారికి నల్లదాని గలవారికంటె 24 వంతులును, పగలు దీపము వెలిగించుకొన్నవారికి 27 వంతులును తక్కువ. సాధారణ వస్త్రముల రంగువలన మాత్రము భేదమేమియు కనబడలేదు. ఇట్టి దుస్తులు ధరించువారు స్వభావముచేతనే నెమ్మదస్తులై యుండవచ్చును గదా యని యాక్షేపింపవచ్చును. దానిని పూర్తిగా కాదనలేము. నేపథ్యములో కలసిపోవు రంగు ఎంత తీవ్రమైనను ఫలము తక్కువ యనుటయు నిజమే. అయినను ఖర్చు స్వల్పమై, కీడు లేనప్పుడు ఈపాటి సాక్ష్యము గృహస్థులకు చాలును.

మరి చట్టముచేత నిర్బంధింపవలెనా? ఫ్రాన్సులో 2016 నుండి మోటారు సైకిలు నడుపువారు ఇట్టి పైచొక్కాను వెంట నుంచుకొని, దారిలో ఆపద వచ్చి దిగినప్పుడు తొడుగుకొనవలెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను హెల్మెట్టును విధించినది గాని ఈ దుస్తులను విధింపలేదు. 2017 ఏప్రిలు 1వ తేదీ నుండి మాత్రము క్రొత్త ద్విచక్ర వాహనములకు ఇంజను నడచుచున్నంతసేపు ముందు దీపము వెలుగు ఏర్పాటు వచ్చినది. ఇంతకు మించిన నిర్బంధము మాకు సమ్మతము కాదు. హెల్మెట్టు చట్టమే ఇంకను సరిగా నడువలేదు. అంతేకాక, పైచొక్కా లేదను నెపముతో గాయపడినవానిమీదనే నేరము మోపుదురు. చూచి నడుపుట కారువాని ధర్మము. మన దుస్తులు ఆ ధర్మమునుండి అతనిని విడిపింపరాదు. చట్టము చేయనక్కరలేని పనిని ఇల్లాలు చేయవచ్చును.

చేతులులేని పలుచని పైచొక్కా ఎండకాలమున నంతగా ఉక్క పెట్టదు. "కూలివానివలె నున్నది" అని సిగ్గుపడు యువకునికి, వెండిరంగు పట్టీలను హెల్మెట్టు వెనుకను, వీపు సంచిమీదను అంటించి యీయవచ్చును. చొక్కాపై సంచి వేసికొన్నచో చొక్కా పట్టీలు మరుగగునని మరువరాదు. వెనుక కూర్చుండు స్త్రీ పమిటచెంగు దోపుకొని పైచొక్కా తొడిగినచో, చెంగు గాలికి ఎగురకుండుటయు నొక లాభము. వెనుక చక్రమునకు సగమైనను కప్పు ఉండవలెనని మన నిబంధనలు విధించుట వస్త్రములు చిక్కుకొనకుండుటకే గదా. వానకోటు కొనునప్పుడు నలుపును విడిచి లేతరంగును, పట్టీలు గలదానిని ఎంచుకొనుడు. మురికి పట్టిన పట్టీ మెరయదు, కావున ఉతుకుచుండుడు. రంగు వెలియకుండ నీడన ఆరవేయుడు. పట్టీలపై ఇస్త్రీపెట్టె పెట్టకుడు.

ఎక్కడనో పెట్టెలో దాచిన వస్త్రము అవసరమునకు దొరకదు. కావున సోదరీమణులారా! బండి తాళపుచెవి తగిలించు కొక్కెమునకే ఈ పైచొక్కాను గూడ తగిలింపుడు. తాళపుచెవి తీయు చేతికి అదియు తగులుచుండినచో, వేరుగా జ్ఞాపకము చేయనక్కరయుండదు.